చెరుకులోంచి పిలుపు

మధ్యాహ్నం చెరుకు తోటలోంచి మళ్ళీ పిలుపు వచ్చింది.

"పైడీ!"

పైడి బలపం ఆపి కుడివైపు చూసింది. బడి పాకకు అటువైపు గోడ లేదు, అంతా చెరుకే. ఆకులు కదులుతున్నాయి. మనిషి జాడ లేదు. రెండోసారి కూడా పిలిచి, ఆకుల చప్పుడులో ఎవరిదో పోల్చుకోలేని ఆ గొంతు ఆగిపోయింది.

పైడి పలకలేదు. కనబడనివాళ్ళు పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదని కూలి లైన్లలో, ఆ వరస గదుల్లో, ఉండే పోతయ్య తాత చెప్పాడు. దెయ్యాలు రెండుసార్లే పిలుస్తాయట. పోయిన కోతల్లో నూకాలమ్మత్త ఆ చెరుకులోనే జ్వరంతో పడిపోయి చనిపోయింది. ఆమెకి పైడి అంటే ప్రాణం. అందుకే రోజూ పిలుస్తోందని పైడి భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

అది ఫిజీలో గిర్మిట్ కాలం. అయిదేళ్ళు పనిచేస్తామని వేలిముద్ర వేసి, ఓడెక్కి వచ్చినవాళ్ళ కాలం. లంబాసా దగ్గరి ఆ బడిలో ఆడపిల్ల పైడి ఒక్కతే. బడి మానేస్తే మర్నాడే పొలంలో కలుపు తీయాలి.

ఆ శనివారం పైడి అమ్మ మంగమ్మ ఆ రోజుకి కొలిచి ఇచ్చిన టాస్కు త్వరగా ముగించుకుని, భుజాన పారతోనే బడికి వచ్చింది. ఆమెకి హిందుస్తానీ రాదు. రామ్ నారాయణ మాస్టరుకి తెలుగు రాదు. లైన్లలో పిల్లలతో ఆడి రెండూ నేర్చిన పైడి ఒకరి మాట ఒకరికి చెప్పడానికి మధ్యలో నిలబడింది.

"ఓడలో జొరం వచ్చిన కాణ్ణించీ దీని ఎడం చెవి మీద నాకు అనుమానం," అంది మంగమ్మ. "అటేపు నుంచి పిలిస్తే పలకదు. దగ్గర కూకోబెట్టమని అయ్యోరికి చెప్పవే."

చెవి బాగాలేని పిల్లని బడిలో ఉంచుతారా? ఆ మాట చెప్పకుండా, తను ఎలా చదువుతోందో అమ్మ అడుగుతోందని పైడి మాస్టరుతో అనేసింది.

తెలివైన పిల్లేగానీ మహా మొండిదన్నారు మాస్టరు. రెండేసిసార్లు పిలిచినా తలతిప్పి చెరుకు వైపు చూస్తుందట. ఇలాగైతే సోమవారం నుంచి రావద్దన్నారు.

"బాగా చదువుతున్నానంట," అంది పైడి.

మంగమ్మ అమాయకురాలేం కాదు. మెచ్చుకునే మనిషి కనుబొమలు అలా ముడిపడతాయా? ఆమె నెమ్మదిగా పైడికి ఎడమవైపు నడిచింది.

"పైడీ!" చెరుకులోంచి పిలుపు.

పైడి కళ్ళు చెరుకు మీదే ఉన్నాయి. "పైడీ!" రెండోసారి. ఇక ఆగిపోతుందనుకుంది. ఆగలేదు. మూడోసారి కూడా పిలిచింది.

దెయ్యం కాకపోతే ఎవరు? పైడి వెనక్కి తిరిగింది. గొంతు చెరుకులోంచే వస్తోంది. కదులుతున్న పెదవులు మాత్రం అమ్మవి.

"పిలిచింది నేనేనే," అంది మంగమ్మ.

పైడి బావురుమంది. వినబడే చెవి కుడిదొక్కటే కాబట్టి ప్రతి గొంతూ అటునుంచే వస్తున్నట్టు ఉందని అప్పుడు తెలిసింది. ఎడమవైపు నిలబడి రోజూ రెండుసార్లు పిలిచి విసుక్కున్నది మాస్టరే! ఏడుస్తూనే అమ్మ మాట మాస్టరుకి, మాస్టరు మాట అమ్మకి, దాచినదంతా చెప్పేసింది. నూకాలమ్మత్త సంగతి కూడా చెప్పింది.

మాస్టరు పైడి చాప తనే తీసి, తన గొంతు ఆమె కుడి చెవిన పడేలా ఇటువైపు వేశారు. ఇంతకాలం తిట్టినందుకు తనకి సిగ్గుగా ఉందన్నారు. ఆ మాట కూడా పైడి అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఇంటికి వెళ్తూ పైడి చెరుకు దగ్గర ఆగింది. అత్తా అని మూడుసార్లు పిలిచి, కుడి చెవి అటు పెట్టింది. ఆకుల చప్పుడే వినిపించింది. ఎందుకో దిగులేసింది.

సోమవారం మాస్టరు పిలిచారు. పైడి మొదటి పిలుపుకే లేచి నిలబడింది. లెక్క చెబుతుంటే మధ్యలో ఒక ముక్క వినబడలేదు. పిల్లలందరూ చూస్తుండగానే పైడి చెయ్యెత్తింది.

"నాకు వినబడలేదు మాస్టర్‌జీ. ఇంకోసారి చెప్పండి."