పదిలో ఏడు కుదిరిన కాగితం

"నూట పదహారంటే పాసా, ఫెయిలా? ముందు అది చెప్పండి!"

రాఘవన్ గొంతుకు ఆసుపత్రి వరండా మొత్తం ఇటు తిరిగింది. 1988 వేసవి. పుదుచ్చేరి ఎండ ఎటూ మండుతోంది, దానికి తోడు ఈ గాభరా. అక్క కూతురు గిరిజను మళ్ళీ రెండో తరగతిలోనే కూర్చోబెడతామని బడివాళ్ళు కబురంపారు. "అంతా మేనమామ పోలిక" అని కూడా అన్నారట. మేనమామ ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పి బట్టలకొట్లో కూర్చున్నవాడు. ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది.

"ఈ తెలివితేటల పరీక్షలో పాసూ ఫెయిలూ లేవండీ," అంది కొత్తగా వచ్చిన సైకాలజిస్టు కోమల. ఊళ్ళోనే రెడ్డియార్‌పాళయం పిల్ల. "వందంటే మామూలు."

"మరి మా పాపను బడోళ్ళు మొద్దంటారేంది?"

"ఆ మొత్తం అంకెను నమ్మబాకండి. పది చిన్న పరీక్షలు పెట్టినాను. ఈ కాగితంలో టిక్కు పెట్టిన ఏడింట్లో ఇట్లాంటి పిల్లలు నూటికొకరు ఉంటే గొప్ప. సున్న చుట్టిన మూడింట్లో, అంటే గబగబా రాసేది, అంకెలు గుర్తుపెట్టుకునేది, నోటిలెక్క, వాటిల్లో వెనకబడింది. తెలివి దండిగా ఉండాది, నిలకడ లేదు. ఈ నిలకడలేమినే ఏడీహెచ్‌డీ అంటారు. అన్నీ కలిపి ఒక్క అంకె చేస్తే రెండూ కనపడవు."

"పట్టునీ గోనెనీ కలిపి కుట్టి, నూలుబట్ట అన్నట్టా?"

కోమల పెన్ను ఆపి అతని వైపు చూసింది. "నేను రెండేళ్ళు చదివింది ఒక్క మాటలో చెప్పేస్తిరే!"

ఆ చూపుతో రాఘవన్‌కు తెలిసింది కాస్తా తెలియకుండా పోయింది. అర్థం కాలేదని మర్నాడు వెళ్ళాడు. గురువారం వెళ్ళాడు. వేసవివానలో తడుస్తూ వెళ్ళాడు. ఈలోగా కోమల ఉత్తరం చూసి బడివాళ్ళు గిరిజకు గంట ఎక్కువిచ్చి పరీక్ష పెట్టారు. గిరిజ మూడో తరగతికి వెళ్ళింది. రాఘవన్ మాత్రం ఆసుపత్రికి వెళ్తూనే ఉన్నాడు.

ఒకరోజు అతని తల్లి విశాలాక్షి, గిరిజను వెంటబెట్టుకుని కోమల ముందు కూర్చుంది. చేతిలో రాఘవన్ ఇంటికి తెచ్చుకున్న అదే కాగితం. నాలుగు మూలలా పసుపు పూసి ఉంది.

"పెళ్ళికి చూసే పది పొరుత్తాల్లో ఏడు కుదిరినాయి పాపా. మూడు లేకుంటే పోనీ. మీ నాయన్ని యాడ చూసేది?"

రాఘవన్ పరిగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైంది. "అమ్మా, అది జాతకం కాదు! గిరిజ పరీక్ష!"

"పిల్ల పరీక్ష చూసుకుని ఎవడన్నా అంత సిగ్గుపడతాడా?" అంది విశాలాక్షి. చదువు రాని ఆమెకు టిక్కులు లెక్కపెట్టడం బాగానే వచ్చు.

కోమల నవ్వుతుందనుకున్నాడు. ఆమె తల దించుకుంది.

"ఆ పరీక్ష నాకూ పెట్టండి," అన్నాడు మెల్లగా. "నేను మొద్దునో కాదో తేలినాక మా అమ్మకు జవాబు చెప్పండి."

"మీకు పెట్టను."

అడగకుండా ఉండాల్సింది అనుకున్నాడతను.

"మా ఇంట్లో వాళ్ళకు మేం పెట్టకూడదు," అంది కోమల, కాగితం మడిచి తన డ్రాయర్‌లో పెట్టుకుంటూ. "అది రూలు."

"నేను మీ ఇంట్లో యాడ ఉండాను?"

గిరిజ నుదురు కొట్టుకుంది. "మామా! నాకే అర్థమైపోయింది!"