రెండు సెంటీమీటర్లు తక్కువ

"ఆ స్కేలు నిలువుగా పాతడం వచ్చా, లేక ఫోటో కోసం పట్టుకున్నావా?"

అదీ ఇంజనీరు మేడమ్ నాతో అన్న మొదటి మాట. జోరు వాన. నేను మోకాలి లోతు బురదలో. ఆవిడ గొడుగు కింద పొడిపొడిగా. కోపం రావాలి కదా? రాలేదు. అక్కడే నా పని అయిపోయింది.

రెండు వందల ఏళ్ళ నాటి మా కాలువను పాత రేవు గోదాముల దాకా పొడిగించాం. ఎప్పుడో మూతబడ్డ ఆ రేవుకి మళ్ళీ పడవలు, షాపులు, జనం రావాలని ప్లాన్. అడుగున సిమెంటు వేయలేదు, పాతవాళ్ళలాగే నీళ్ళు ఇంకకుండా బంకమన్ను పరిచారు. ఇరవైమందిని పెట్టి మూడు నెలలు దాన్ని కాళ్ళతో తొక్కించిన మేస్త్రి మా మామయ్యే. తనూ తొక్కాడు. రిటైరయ్యే ముందు ఆయన చివరి పని అది.

వాన వెలిశాక టెస్ట్ మొదలైంది. నీళ్ళు నింపి వారం రోజులు చూడాలి. మట్టం తగ్గకపోతే లీకు లేనట్టే. పొద్దున్నే స్కేలు చదవడం నా డ్యూటీ. రాసి సంతకం పెట్టడం ఇంజనీరు మేడమ్ డ్యూటీ. వారం అవగానే మేడమ్ వేరే ఊరు.

"ఎంత?"

"నిన్న ఎంతో అంతే మేడమ్."

"నీ మొహంలాగే. ఏ మార్పూ లేదు."

"అయితే రోజూ చూస్తున్నారన్నమాట!"

ఆవిడ ఎండకి పట్టుకున్న గొడుగును మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కనబడలేదు కానీ గొడుగు ఊగింది.

ఆరో రోజు. ఇంకొక్క రోజే! "ఎంత?" అంది. నోరు నా మాట వినలేదు.

"రెండు సెంటీమీటర్లు తక్కువ మేడమ్."

మళ్ళీ టెస్ట్ అంటారు, ఇంకో వారం ఉంటుంది, అంతేగా అనుకున్నాను. ఆవిడ స్కేలు చూడలేదు. నన్ను చూసింది. సంతకం పెట్టేసింది.

సాయంత్రానికల్లా పైనుంచి ఆర్డరు. నీళ్ళు తోడేసి, మన్నంతా తవ్వేయమని. మామయ్యను పనిలోంచి తీసేశారు.

ఆయన రేవు మెట్ల మీద కూర్చుని పాదాలు చూసుకుంటున్నాడు.

"ఎక్కడో మెత్తగా వదిలేసినట్టున్నాన్రా. నలభై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు. ఇప్పుడు కాళ్ళకి తెలీడం లేదేమో."

ఒకటే పరుగు తీశాను, సైటు ఆఫీసు దాకా.

"మట్టం తగ్గలేదు మేడమ్. అబద్ధం చెప్పాను. మీరు వెళ్ళిపోతారని. మీరంటే ఇష్టం." అన్నీ ఒక్క ఊపిరిలో.

ఆవిడ పొద్దున సంతకం పెట్టిన రిజిస్టరు ముందుకు లాక్కుంది.

"ఇక్కడే రెండేళ్ళు పోస్టింగ్ అడిగాను. నిన్న ఓకే అయింది. రేపు టెస్ట్ అయ్యాక నీకు చెబుదామనుకున్నా."

"మేడమ్..."

"చూడకుండా సంతకం పెట్టానని రాసిస్తాను. తవ్వకం ఆగుతుంది, మీ మామయ్య పని ఆయనకి తిరిగొస్తుంది. నన్ను మాత్రం ఇక్కడ ఉంచరు."

"తప్పు నాది! నా పేరే రాయండి!"

"నీదీ రాస్తా." కళ్ళు తుడుచుకుంది. "నువ్వంటే ఇష్టం లేకపోయుంటే, నేనే వెళ్ళి స్కేలు చూసి ఉండేదాన్ని."

మర్నాడు మామయ్యకు ఏదీ దాచకుండా చెప్పేశాను. అంతా విని, నీళ్ళవైపు చూస్తూ అడిగాడు.

"ఆ అమ్మాయేదిరా?"

"పొద్దున బస్సెక్కేసింది మామయ్యా."

కొడతాడనుకున్నాను. కొంచెం పక్కకి జరిగి, మెట్టు మీద చోటిచ్చాడు.