తడికకి కట్టిన పీలిక

1955 జూన్ 20, సోమవారం. అమావాస్య. సూర్యగ్రహణం.

ఉదయం తొమ్మిదీ నలభైకి టెక్కలి పోలీసు స్టేషనుకి కబురొచ్చింది. ప్లీడరు కామేశ్వరరావు గారి కూతురు లలిత పెరట్లో తొట్టిలో పడిపోయింది. మూడేళ్ల పిల్ల. తీసేసరికే ప్రాణం లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ నీలకంఠం పదీ అయిదుకి అక్కడున్నాడు. వసారాలో చాప మీద పిల్ల. పక్కన తల్లి హైమవతి, తడిచీరతో అలాగే కూలబడి ఉంది. ఏడవడం కూడా లేదు.

తొట్టి అంటే పశువులు తాగే తొట్టి కాదు. విశాఖపట్నంలో ఏదో క్లబ్బులో ఈతకొలను చూసొచ్చి, అలాంటిదే కావాలని ప్లీడరు గారు సిమెంటుతో కట్టించుకున్నారు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు. చుట్టూ సరుగుడు కర్రల కంచె. ఒకటే దారి, దానికో తడిక. ఆ తడిక గొళ్ళెం ఊడిపోయి రెండు నెలలైంది. ఇంత సిమెంటు పోయించిన మనిషికి గొళ్ళెం కొట్టించడానికి తీరిక దొరకలేదు.

దానికి ఉపాయం చేసింది పనిమనిషి పోలమ్మ. అక్కుపల్లి నుంచి వచ్చి ఈ ఇంట్లో పనిచేస్తోంది. లలితని పెంచింది కూడా ఆవిడే. తన పాతచీర చించి పీలిక చేసి, ఉచ్చులా ముడేసి, తడికనీ గుంజనీ కలిపి పైన తగిలించేది. పెద్దవాళ్ల భుజమంత ఎత్తు. పిల్లలకి అందదు.

ఇప్పుడా పీలిక గుంజ మొదట్లో ఇసకలో పడుంది. ముడి వేసింది వేసినట్టే ఉంది. నీలకంఠం దాన్ని తీసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం రెండింటికి ఫిర్యాదు వచ్చింది. ప్లీడరు గారే రాశారు. సెక్షను నంబరు కూడా ఆయనే వేశారు, 304-ఎ, నిర్లక్ష్యం వల్ల మరణం. ఆదివారం సాయంత్రం పోలమ్మ తొట్టి నింపి, తడిక కట్టకుండా నిర్లక్ష్యంగా వెళ్లిపోయిందట. గ్రహణం విడిచి పది దాటాకే పనిలోకి రమ్మన్నారు కాబట్టి సోమవారం పొద్దున్న ఆవిడ లేనే లేదు. ఆ తరవాత ఇంట్లోవాళ్లెవరూ తొట్టి వైపు వెళ్లలేదట.

పోలమ్మని సబ్‌జైల్లో పెట్టక తప్పలేదు. గురువారంలోగా ఛార్జిషీటు వెయ్యమని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హుకుం.

పోలమ్మ ఒకటే మాట మీద ఉంది.

"నానే కట్టినాను బాబూ. లాగి సూసుకునే ఎల్లినాను."

నీలకంఠానికి చిరాకు తన్నుకొచ్చింది. ఎవరినడిగినా నేను కాదు అనేవాళ్లే. ప్లీడరు గారు జపంలో ఉన్నారు. పిల్ల అత్తగారి దగ్గరుందనుకుంది హైమవతి. కోడలి దగ్గరుందనుకుంది అత్తగారు త్రిపురసుందరి. ఎనిమిదింపావుకి పిల్ల పడగ్గదిలో బొమ్మతో ఆడుకుంటోంది. తొమ్మిదిన్నరకి విడుపు స్నానానికి లేచిన తల్లికి తొట్టిలో కనిపించింది. గంటంపావు! ముగ్గురు పెద్దవాళ్లున్న ఇంట్లో గంటంపావు ఒక పసిపిల్లని ఎవరూ చూడలేదు. తీరా అడిగితే, ఆ పూట ఇంట్లో లేని మనిషి మీదికి వేలు చూపిస్తారు.

మంగళవారం పొద్దున్న మళ్లీ వెళ్లి పీలికని గుంజకి తగిలించి చూశాడు. బిగుతుగా పట్టింది. తడికని ఊపాడు, తన్నాడు. ఊడలేదు. అంటే గాలికి జారింది కాదు. పోలమ్మ కట్టకపోతే పీలిక, తడిక తీసినప్పుడల్లా ఆవిడ దాన్ని వేలాడదీసే కంచె మేకుకి ఉండాలి, ఇసకలో కాదు. ఎవరో పైకెత్తి తీశారు. ఎవరు?

పీలికని మళ్లీ జేబులో వేసుకుని స్టేషనుకి తెచ్చాడు. చీటీ అంటించి, నంబరు వేసి, బల్ల సొరుగులో పెట్టాడు.

అదే సొరుగులో ఆస్పత్రి నుంచి వచ్చిన కవరు ఒకటుంది. పిల్ల కుడి పిడికిట్లో గడ్డిపోచ దొరికిందని డాక్టరు రాశాడు. పడుతూ గట్టు మీది గడ్డి పట్టుకుందని అందరూ అనుకున్నారు. నీలకంఠం కూడా అదే అనుకుని రిపోర్టులో రాసేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. భార్య ఇందుమతి ఆవకాయ జాడీ మూత తీసి, పైనున్న దర్భపోచ తీసి పారేసింది. నిన్న గ్రహణానికి వేసింది, తియ్యడం మర్చిపోయానంది.

నీలకంఠం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆ తొట్టి చుట్టూ గడ్డేదీ? మూడడుగుల వెడల్పున సిమెంటు గట్టు, దాని అవతలంతా ఇసక. రెండు రోజులు అక్కడే తిరిగాడు కదా, కళ్లెక్కడ పెట్టుకున్నాడు? తన మీద తనకే ఒళ్లు మండింది. అన్నం వదిలేసి స్టేషనుకి పరిగెత్తి కవరు విప్పాడు. ఎండిన పోచ. కొస సూదిలా ఉంది. అది గడ్డి కాదు.

ఆ సాయంత్రమే పురోహితుడు నరహరి శాస్త్రి గారికి చూపించాడు. ఆయన రెండు వేళ్లతో పట్టుకుని, దర్భే అన్నారు. ఆదివారం సాయంత్రం ఊళ్లో పదిళ్లకి తానే పంచానని, ప్లీడరు గారికి కూడా ఒక కట్ట ఇచ్చానని చెప్పారు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గురినీ పెరట్లోకి పిలిచాడు. తడిక తెరిచే ఉంది. తొట్టిలో నీళ్లు కూడా అలాగే ఉన్నాయి.

"గ్రహణానికి దర్భ వేటిలో వేశారు?"

"అన్నిట్లోనూ," అంది త్రిపురసుందరి. "పచ్చళ్లు, బియ్యం, బిందెలు..."

"తొట్టిలో?"

ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల వైపు చూశాడు.

"నీళ్లే కదా. వెయ్యకపోతే అన్నీ తోడి పారబోసుకోవాలి. ఎవరు వేశారు? ఏ టైముకి?"

"ఆరూ యాభైకి," అన్నాడు కామేశ్వరరావు చివరికి. కోర్టులో మోగే గొంతు ఇప్పుడు పక్కవాళ్లకే వినిపించేట్టు లేదు. "నేనే."

"తడిక ఎలా తీశారు?"

"చేతికర్రతో. పీలిక పైకి ఎత్తి తోసేశాను."

"చేత్తో ఎందుకు తియ్యలేదు?"

"స్నానం చేసి మడి కట్టుకున్నాను. ఆ మాసిన గుడ్డ ముట్టుకుంటే..."

"కర్రతో తియ్యొచ్చు. కర్రతో తగిలించడం కుదరదు. అంతేనా?"

ఆయన తలూపాడు. పోలమ్మ వచ్చాక కట్టుకుంటుందిలే అనుకున్నాడట. పదింటిదాకా రావద్దని ఆవిడకి చెప్పింది తానేనన్న సంగతి ఆ క్షణాన తట్టలేదట.

నీలకంఠం ఆడవాళ్లిద్దరి వైపు తిరిగాడు. గ్రహణం పట్టు స్నానానికి ఏడింటికి నూతి దగ్గరికి వచ్చారు కదా, అక్కడి నుంచి తడిక కనిపిస్తుంది కదా, అని అడిగాడు.

"తెరిచి ఉండడం చూశానండీ," అంది హైమవతి. "తడిచీరతో ఉన్నాను. అత్తగారు ఏమైనా అంటారని ముట్టుకోలేదు. లోపలికెళ్లి చెబుదామనుకున్నాను. ఈలోగా పట్టు వేళయింది, జపానికి కూర్చోమన్నారు."

"నేనూ చూశాను," అంది త్రిపురసుందరి. అని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీలకంఠం కవరు తెరిచి పోచని అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది మీ పిల్ల పిడికిట్లో దొరికింది. నీళ్ల మీద తేలుతుంటే అందుకోబోయింది. ముగ్గురూ ఆ తడిక చూశారు. ముగ్గురికీ చేతులున్నాయి. ఆ పీలిక ముట్టుకోగలిగిన ఒక్క మనిషినీ రావద్దన్నారు, తరవాత జైల్లో పెట్టించారు."

హైమవతి అప్పుడు ఏడ్చింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి. కామేశ్వరరావు ఆవిడ దగ్గరికి వెళ్లబోయి, వెళ్లలేక ఆగిపోయాడు.

"ఫిర్యాదు వాపసు తీసుకుంటాను," అన్నాడు.

"అది మీ ఇష్టం. సెక్షను మీరు సరిగ్గానే రాశారు. నేను పేరు మారుస్తున్నాను."

సర్కిల్ గారు మండిపడతారని నీలకంఠానికి తెలుసు. పడనీ అనుకున్నాడు.

కాగితాలన్నీ ముగిసి పోలమ్మ సబ్‌జైలు బయటికి వచ్చేసరికి అయిదున్నరయింది. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. పాపని ఎక్కడ పూడ్చారని అడిగింది. చెప్పాడు. కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడికి దారి చూపించబోతున్న కానిస్టేబుల్ పోలారావు వెనక నాలుగడుగులు వేసి, ఆగింది.

"బాబూ, తడిక కట్టీసినారా? సందేళ జాంకాయలకి ఈదిలో పిల్లలు ఆ పెరట్లోకి వొత్తారు."

నీలకంఠం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

సోమవారం రెండుసార్లు. మంగళవారం ఒకసారి. ఇవాళ ఒకసారి. నాలుగుసార్లు ఆ తడిక దాటి వెళ్లాడు, వచ్చాడు. ఒక్కసారీ మూసిన గుర్తు లేదు. మూద్దామన్నా పీలిక అక్కడ లేదు. తన బల్ల సొరుగులో ఉంది, చీటీతో సహా.

బజారుకెళ్లి గొళ్ళెం, మేకులు, సుత్తి పట్టుకురమ్మని పోలారావుని తరిమి, సైకిలెక్కాడు. టోపీ స్టేషన్లోనే ఉండిపోయింది. రోడ్డు మీద జనం తప్పుకుంటూ వింతగా చూశారు.

తడిక బార్లా తెరిచి ఉంది. గట్టు మీద నాలుగేళ్ల పిల్లొకతె గొంతుకూర్చుని, వంగి, జామకాయ కడుక్కుంటోంది.

అరిస్తే బెదిరి పడుతుందని అరవలేదు. చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వెళ్లి, నడుం పట్టుకుని ఎత్తి, కంచె బయట దింపాడు. ఆ పిల్ల అతని మొహం చూసి, చేతిలో జామకాయ అడుగుతున్నాడనుకుని ఇచ్చేసింది.

నీలకంఠం తడిక దగ్గరికి లాగి మూశాడు. పోలారావు గొళ్ళెం తెచ్చేదాకా దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.