జానయ్య గీసిన గుండె

సూర్యాపేటలో ఆ కిరాయి ఇంటి వాకిట్లో పొద్దున్నే టర్పెంటైన్ వాసన వచ్చిందంటే జానయ్య బ్రష్‌లు కడుగుతున్నాడన్న మాట. పని ఉండి కాదు. ఫ్లెక్సీలు వచ్చాక ఎనిమిదేళ్లుగా బోర్డు రాయించుకునే నాథుడు లేడు. ఒకప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి కోదాడ లారీల అద్దాల దాకా ఆయన చెయ్యి పడని చోటు లేదు. ఇప్పుడు కడిగిన బ్రష్‌లనే మళ్లీ కడుగుతుంటాడు.

అందుకే ఆత్మకూర్ (ఎస్) బడిలో సైన్సు టీచరైన కోడలు కవిత, "మామా, మా క్లాసు గోడ మీద గుండె బొమ్మ వేస్తరా? బొమ్మతోనే పాఠం చెప్త" అన్న రోజు ముసలాయన ముఖం చూడాలి. పుస్తకంలోని అరచేయంత బొమ్మను గళ్లు కొట్టి, మనిషెత్తు చేసి గోడకెక్కించాడు. వారం రోజులుగా పిల్లలు దాని ముందు నుంచి కదిలితే ఒట్టు.

ఆ రోజు తనిఖీకొచ్చిన సారు పిల్లల ముందే, "ఏమ్మా, గుండె కుడిఎడమలు తారుమారైనయ్. మీరు చూసుకోలేదా?" అన్నాడు. కవితకు తల కొట్టేసినట్టయింది. రోజూ చూస్తూనే ఉంది, కానీ ఆమె కూడా రంగులే చూసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అవమానం కాస్తా కోపమైంది. చెప్పులైనా విప్పలేదు.

"మామా, పుస్తకంల ఉన్నది ఉన్నట్టు ఎందుకు దించలే?"

"అండ్ల తప్పు పడ్డది బిడ్డా. ఎడమ పక్కకు కుడి అని రాసిన్రు, మొన గూడ కుడికి తిప్పిన్రు. రొమ్ము మీద చెయ్యి పెట్టి సూసుకున్న, నాది ఎడమకే కొట్టుకుంటున్నది. గందుకే బొమ్మంత తిప్పి సక్కగ జేసిన. బోర్డుల తప్పుంటే నేనే దిద్దుతుంటి గద."

"పుస్తకం రాసినోళ్ల కన్న మీకెక్కువ తెలుసా? ఏడో తరగతి చదువుకు గుండెను దిద్దుడా? రేపే సున్నం కొట్టిస్త. ఇగ ఆ బ్రష్‌లు అవతల పడెయ్యుండ్రి."

అన్నాక గానీ ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు. జానయ్య బ్రష్‌లను గుడ్డలో చుట్టి రేకు డబ్బాలో పెట్టాడు. అన్నం దగ్గర రెండు ముద్దలు తిని లేచాడు.

ఎనిమిదో తరగతి చదివే కూతురు రజని తల్లి పక్కన చేరింది. "అమ్మా, మరి పుస్తకంల ఎందుకు తిరగేసి ఉంటది?"

కవిత గిన్నెలు సర్దుతూనే, "అట్లనే ఉంటది. గుర్తు పెట్టుకోవాలె" అంది. పదేళ్లుగా పిల్లలకు చెప్పింది అదే. చిన్నప్పుడు తనకు చెప్పిందీ అదే.

తెల్లారి మళ్లీ టర్పెంటైన్ వాసన. వాకిట్లో జానయ్య పాత కిటికీ అద్దం మీద గుండె గీసి ఆరబెడుతున్నాడు.

"రజనీ, దీన్ని రొమ్ము ముంగట జర ఎడంగ పట్టుకో. బిడ్డా కవితా, నువ్వు ఎదురుంగ నిలవడు."

కవిత నిలబడి చూసింది. అచ్చం పుస్తకంలోని బొమ్మ.

"ఇగ పిల్ల ఎనకకు పోయి సూడు."

కూతురి భుజం మీదుగా తొంగి చూసింది. అచ్చం గోడ మీది బొమ్మ.

"లారీ అద్దాలకు లోపటి నుంచి ఉల్టా రాస్తం. బయటోళ్లకు సీదా కనవడుతది. రాత్రి పిల్ల అడిగినప్పుడు యాదికొచ్చింది. పుస్తకపోళ్లు ఎదురుంగ నిలవడి గీసిన్రు, నేను నా గుండె గీసుకున్న. తప్పు నాదే బిడ్డా. సున్నం నేనే కొడత."

కవితకు కళ్లలో నీళ్లు ఆగలేదు. పదేళ్లు బట్టీ పట్టించిన పాఠాన్ని, చదువు లేదని తాను ఎత్తిపొడిచిన మనిషి ఒక్క అద్దం ముక్కతో చెప్పేశాడు.

"నిన్న నేను ఎదురుగ నిలవడి అరిసిన మామా. మీ దిక్కు నుంచి చూడలే. సున్నం వద్దు. పక్క గోడ ఖాళీగ ఉంది, పుస్తకం బొమ్మ ఆడ వెయ్యుండ్రి. ఈ అద్దం సంగతి పిల్లలకు మీరే చెప్పాలె. కింద మీ పేరు గూడ రాయుండ్రి."

"బడి గోడకు నా పేరెందుకమ్మా?"

"బోర్డు రాసినోళ్లు పేరు పెట్టుకోరా?"

రెండో బొమ్మ పూర్తయిన రోజు పిల్లలు వంతులవారీగా అద్దాన్ని రొమ్ము ముందు పట్టుకుంటుంటే, జానయ్య అన్నిటికన్నా సన్న బ్రష్ తీశాడు. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ తన పేరు. 'జానయ్య ఆర్ట్స్, సూర్యాపేట' అని రాసి, కోడలి వైపు తిరిగాడు.

"తప్పులేమన్న ఉన్నయా టీచరమ్మా?"

కవిత కొంగుతో కళ్లు అద్దుకుంటూ, లేవన్నట్టు తల అడ్డంగా ఊపింది.