మొన విరిగిన కత్తి

ఆ ఉదయం ఒట్టిలియా వంటింట్లో పీట ముందేసుకుని, చలికాలానికి పీపాలో ఊరబెట్టడానికి క్యాబేజీలు తరుగుతోంది. ఆమె చేతిలో ఉన్నది కూరల కత్తి కాదు. సైన్యంలో వంతెనలు కట్టే దళం వాళ్ల పొట్టి కత్తి. కట్టెలు నరకడానికీ, తప్పనిసరైతే మనుషుల్ని నరకడానికీ నడుముకు కట్టుకునేది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె ఇద్దరు కొడుకులూ తమ బవేరియా రాజ్యపు దళంతో ఫ్రాన్సు యుద్ధానికి వెళ్లారు. చిన్నవాడు లోరెంజ్ ఆ కత్తితో తిరిగొచ్చి, అన్న కాస్పర్ తప్పిపోయాడని చెప్పాడు. తప్పిపోయినవాడు ఎప్పటికైనా వస్తాడని ఆ తల్లి ఆశ. పిచ్చి ఆశే. కానీ కన్నతల్లికి ఆ మాట ఎవరు చెబుతారు?

నిండు నెలల కోడలు అఫ్రా నెమ్మదిగా అంది. "అత్తయ్యా, బావగారి గది పొయ్యి గోడ పక్కనే కదా. వెచ్చగా ఉంటుంది. ఉయ్యాల అక్కడ వేసుకుంటాం."

"వాడొస్తే ఎక్కడ పడుకోవాలే? పందుల కొట్టంలోనా?"

"కిందటేడు ఈ ఇంట్లో చలికే కదా అత్తయ్యా, నా బిడ్డ పోయింది!"

ఒట్టిలియా మనసు చివుక్కుమంది. తగ్గడం చేతకాక, కట్టెలమోపుతో లోపలికొస్తున్న కొడుకు మీద విరుచుకుపడింది. "అన్నని కనిపెట్టుకుని ఉండరా అని పంపితే, అన్నని పారేసి ఈ మొండికత్తి మోసుకొచ్చావు! మొన చూడు. రాళ్లు కొట్టావా దీంతో?"

లోరెంజ్ చేతుల్లోంచి కట్టెలు జారిపడ్డాయి.

"రాళ్లే అమ్మా. గడ్డకట్టిన నేల రాయిలాగే ఉంది. పార లేదు. అన్నకి దాంతోనే గొయ్యి తవ్వాను."

క్యాబేజీ పీట మీంచి దొర్లిపోయింది.

"తప్పిపోయాడన్నావు కదరా..."

"నేనొచ్చిన రోజు గుమ్మంలో నువ్వు 'అన్నేడిరా?' అని అడిగిన తీరుకి నిజం నోట రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. తెల్లారేసరికి నువ్వు వాడి పక్క దులిపి పరిచావు."

ఆమె చేతిలోని కత్తిని చూసింది. ఎనిమిదేళ్లుగా దీంతోనే పుల్లలు నరికింది, కూరలు తరిగింది, ఇంటికి తెచ్చినవాణ్ణి తిట్టిపోసింది. దాన్ని వంటగుడ్డతో తుడిచి, ఒడిలో పెట్టుకుంది.

"లోతుగా తవ్వావా?"

"మోకాలి లోతే. పొద్దున మొదలెడితే మధ్యాహ్నమైంది. అంతకన్నా నా వల్ల కాలేదమ్మా."

ఒట్టిలియా లేచి కాస్పర్ గది తలుపు తీసింది. పక్క మీది గొర్రెతోలు దుప్పటి తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. "ఎండలో వెయ్యమ్మా. బిడ్డ కిందకి మెత్తగా ఉంటుంది." ఆ తర్వాత కొడుకు కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుంది. మంచుకి రెండు వేళ్లు పోయిన చెయ్యి. ఎలా పోయాయని ఆమె ఏనాడూ అడగలేదు.

"చాలా చలేసిందా, నాన్నా?"

ముప్పై ఏళ్ల లోరెంజ్ అమ్మ భుజం మీద తల ఆన్చి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.