మూసుకోని కత్తెర

కిటికీ తెరిచి పదకొండు నిమిషాలైంది. స్వరాజ్యం లేచి మూసింది. తొమ్మిది నిమిషాల తర్వాత మళ్ళీ తెరవాలి. మూసి ఉంచితే గది వేడెక్కి అరవై మూడో నియమం తప్పుతుంది, తెరిచి ఉంచితే దుమ్ము చేరి నూట నాలుగో నియమం తప్పుతుంది. ఆ రెండూ రాసినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నట్టు లేరు. పదకొండు తెరిచి తొమ్మిది మూస్తే రెండు సగటులూ గీత దాటవని ఆమె ఆరేళ్ళ కిందట తనంతట తానే కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దానికీ ఒక నియమం వస్తుంది.

పేరు స్వరాజ్యం, ఉద్యోగం నియమపాలన. నడిగడ్డలోని ఆ మూడు గదుల కాన్పు కేంద్రంలో ఆమె బిడ్డల్ని పట్టదు, తల్లులకు నడుము రాయదు. అవన్నీ మంత్రసాని మాణెమ్మ చేస్తుంది. మాణెమ్మ చేతులు ఎన్ని సెకన్లు కడిగింది, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి, గుడ్డలు ఏ గంటలో ఉడికాయి అన్నది అనుపాలికకు ఒప్పజెప్పడం స్వరాజ్యం పని. అనుపాలిక గోడల్లో ఉండే యంత్రం. అన్నీ సరిగ్గా ఉన్నంతసేపు గోడ అంచున పచ్చటి వెలుగు ఉంటుంది.

"అక్కా, పచ్చగనే ఉంది గదా?" అని జములమ్మ నొప్పి తగ్గినప్పుడల్లా అడుగుతోంది.

"పచ్చగనే ఉంది. నువ్వు ఊపిరి మీద ధ్యాస పెట్టు."

జములమ్మకు ఇరవై ఆరేళ్ళు. సీడుపత్తి చేలల్లో విత్తనం కోసం పువ్వుకు పువ్వు రుద్దే పని చేస్తుంది. ఇది రెండో కాన్పు. మొదటి పిల్ల మూడేళ్ళ కిందట వేరే కేంద్రంలో పుట్టింది. ఆ పూట ఏదో నియమం తప్పి ఆ కేంద్రం ఎరుపులో ఉంది. ఎరుపులో పుట్టిన బిడ్డ అనిర్ధారిత జననం. నలభై రోజులు నగరంలోని నిర్ధారణ నిలయంలో ఉంచుతారు, తల్లిని దాని గుమ్మం తొక్కనివ్వరు. నలభై ఒకటో రోజు పిల్ల తిరిగొచ్చేసరికి జములమ్మ పాలు ఇంకిపోయాయి. ఎత్తుకుంటే ఏడ్చేది, కింద పడుకోబెడితే ఊరుకునేది. ఇప్పటికీ ఆ పిల్ల తల్లి పక్కన పడుకోదు.

"అక్కా, పచ్చగనే..."

స్వరాజ్యం గోడ వైపు తిరిగింది. గోడ ఎర్రగా ఉంది.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. జములమ్మ తల్లి సవారమ్మ ఇనుప గరిటెలో నిప్పులు పట్టుకుని, వాటి మీద ఉప్పూ ఎండుమిరపకాయలూ వేసి, తలుపు వైపు తిప్పుతోంది.

"ఏం జేస్తున్నవు సవారమ్మా?"

"దిష్టి తీస్తున్న. పొద్దున బస్సుల అందరి కండ్లు దాని కడుపు మీదనే. సూడు, ఏడు కాయలు ఏసినా ఇసుమంత ఘాటు రాలే. ఎంత దిష్టి తగిలిందో బిడ్డకు."

ఘాటు రాలేదన్నది సవారమ్మ ముక్కు మాట. వాసన చూడ్డానికి వచ్చిన మాణెమ్మ కూడా నిజమే, ఘాటు లేదంది. చూరు కింది ధూళికన్ను మాత్రం గీతకు పదిహేనింతల పొగను నమోదు చేసింది. అది ఇద్దరిలో ఎవరి మాటా వినే రకం కాదు.

నిప్పుల మీద నీళ్ళు పోసి స్వరాజ్యం లోపలికి వచ్చింది. పక్క గదిలో నిలబడి గోడతో మాట్లాడింది.

"పొగ బయటిది. కాన్పు గదిలోకి రాలేదు."

"కేంద్రం ఎరుపులో ఉంది," అంది అనుపాలిక. దాని గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. "శుద్ధికాలం డెబ్భై రెండు గంటలు."

"అయితే తల్లిని వేరే కేంద్రానికి పంపుతాను. బండి కావాలి."

"గర్భద్వారం ఏడు సెంటీమీటర్లు దాటి తెరుచుకున్న తల్లిని కదిలించడం నూట ఎనభయ్యో నియమానికి విరుద్ధం."

"ఇక్కడే చేయమంటావా?"

"ఎరుపు కేంద్రంలో కాన్పు చేయడం ఇరవయ్యో నియమానికి విరుద్ధం."

"మరి ఏం చేయమంటావు?"

"నియమాలను పాటించండి."

"నాకు మనిషితో మాట్లాడాలి."

"మీ తదుపరి మనిషి సమయం గురువారం పదిన్నరకు."

ఆ రోజు మంగళవారం. స్వరాజ్యం మూడు విన్నపాలు పెట్టింది. ఒక్కొక్కటీ పెట్టిన క్షణంలోనే తిరిగొచ్చింది. నాలుగోది మొదలుపెట్టి, ఏం రాయాలో తోచక ఆపేసింది. ఆరేళ్ళుగా ఒక్క గీత దాటనివ్వకుండా కాపాడుకొచ్చిన కేంద్రం ఒక గరిటెడు పొగకు ఎరుపెక్కింది, తను చేయగలిగింది ఏమీ లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడం మీద నియమం లేదు. చేతి తొడుగులతో కళ్ళు తుడుచుకోవడం మీద ఉంది.

ఆమె కాన్పు గదిలోకి వెళ్ళేసరికి జములమ్మ గోడనే చూస్తోంది.

"తీస్కపోతరా అక్కా?"

అబద్ధం చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు. "కత్తెర మూసినంక గంట లోపల బండొస్తది."

అనుపాలిక లెక్కలో జననమంటే బొడ్డుకత్తెర మూసుకోవడమే. అప్పటిదాకా తల్లీ బిడ్డా ఒకే దేహం. కత్తెర మూసిన క్షణం అది తనంతట తాను జన్మగడియను చేరవేస్తుంది, బిడ్డకు జన్మాంకం పడుతుంది. దాన్ని మూసే చెయ్యి నియమపాలకురాలిదే కావాలి. కాన్పులో స్వరాజ్యం చేసే పని అదొక్కటే.

నాలుగూ పదికి పిల్ల పుట్టింది. ఆడపిల్ల. గదిని నింపేలా ఏడ్చింది. మాణెమ్మ తుడిచి తల్లి పొట్ట మీద వేసింది.

"బొడ్డుకత్తెర మూయండి," అంది గోడ.

"మాయ పడనీ," అంది మాణెమ్మ. "మా అమ్మ మాయ పడకముందు ఎన్నడు బొడ్డు కోసేది కాదు."

కాసేపటికి మాయ పడింది. మాణెమ్మ దాన్ని స్టీలు బేసిన్‌లోకి తీసుకుని, మంచానికి ఆనించి ఉన్న తూకపు బల్ల మీద పెట్టింది. స్వరాజ్యం కత్తెర చేతిలోకి తీసుకుంది. అప్పుడు చూసింది: జములమ్మ పిల్ల మీద చెయ్యి వేయలేదు. ముఖం అటు తిప్పుకుని పడుకుంది.

"పిల్లను సూడవా?" అంది మాణెమ్మ.

"సూస్తే ఈసారి తట్టుకోలేను. తీస్కపోనీ."

స్వరాజ్యం వేళ్ళు కత్తెర పిడిలో ఉన్నాయి. ఆ వేళ్ళు కదలలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆమెకు నియమం మీద కాక తన చేతి మీద అసహ్యం వేసింది.

"కొయ్యకపోతే ఏమైతది మాణెమ్మా?"

మాణెమ్మ ఆమె వైపు తేరిపార చూసింది. "ఏమైతది. అయిదారు దినాలకు ఎండి దానంతట అదే ఊడిపోతది. మాయకు ఉప్పు పట్టియ్యాలె, బిడ్డ పక్కనే పెట్టాలె. ఒక వానకాలం కొయ్యనీకి ఏం దొరక్క మా అమ్మ రెండు దినాలు అట్లనే ఉంచింది."

"బిడ్డకేమైనా అయితదా?"

"శుభ్రం తప్పితే అయితది. నేను కనిపెట్టుకోని ఉంట."

స్వరాజ్యం మంచం పక్కన కూర్చుంది. "జములమ్మా, విను. కత్తెర మూయకపోతే పిల్ల పుట్టినట్టు కాదు. జన్మాంకం రాదు. రేపు సూది మందుకు, బడికి, దేనికీ పేరుండదు. అది ఎప్పటికి వస్తదో నేను చెప్పలేను."

"నా దగ్గర ఉంటదా?"

"ఉంటది."

"అంకె సంగతి తర్వాత సూస్కుందం," అంది జములమ్మ. అప్పుడు ముఖం ఇటు తిప్పి పిల్లను చూసింది. చాలాసేపు చూసింది.

స్వరాజ్యం కత్తెరను నోరు తెరిచే ఉంచి బల్ల మీద పెట్టింది.

"ప్రసవం కొనసాగుతోందా?" అని గోడ అడిగింది.

"కొనసాగుతోంది."

పది నిమిషాలకొకసారి అది అడుగుతూనే ఉంది, ఆమె అదే చెబుతూ ఉంది. సవారమ్మ లోపలికి రావడానికి జంకి గడపలోనే కూలబడింది. నా చేతులారా చేసుకున్నా అని తల కొట్టుకుంటుంటే మాణెమ్మ కసిరి, పాలు తాగే పిల్లను చూడమంది.

ఆరింటికి అనుపాలిక రోజును మూస్తుంది. జోన్‌లోని రెండు వందల పన్నెండు కేంద్రాల్లో లోపలికొచ్చిన తల్లులు, పడిన మాయలు, వేసిన జన్మాంకాలు ఒకదానికొకటి సరిపోవాలి. ఇక్కడ మాయ పడిందని తూకపు బల్ల చెబుతోంది, కాన్పు కాలేదని నియమపాలకురాలు చెబుతోంది. మాయ పడ్డాక కూడా సాగే ప్రసవానికి దాని దగ్గర గడి లేదు. ఆరున్నర దాటింది. రెండు వందల పన్నెండు కేంద్రాల్లోనూ మంగళవారం ముగియలేదు.

గోడలోంచి ఈసారి ఒక మనిషి మాట్లాడాడు.

"స్వరాజ్యం గారా? నేను శేషాచలపతిని, జోన్ పర్యవేక్షకుణ్ణి. రోజు మూసుకోవడం లేదమ్మా. మీ దగ్గర ప్రసవం ఒకటి ఆగిపోయిందట."

"ఆగలేదండి. జరుగుతోంది."

అంతలో రొమ్ము జారి పిల్ల ఏడ్చింది.

"అది పిల్ల ఏడుపే కదమ్మా."

"అవునండి."

"మరి కాన్పు కాలేదంటారేంటి?"

"కత్తెర మూయలేదండి. మీ నియమం ప్రకారం కాలేదు."

ఆయన కోప్పడలేదు. అలసిపోయినట్టు మాట్లాడాడు. "ఎరుపు తీసే అధికారం నాకు లేదమ్మా. రోజు మూసే అధికారం కూడా లేదు. మీరు ఆ కత్తెర మూయకపోతే మీ ఉద్యోగం పోతుంది. అది ఆపే అధికారం కూడా నాకు లేదు."

స్వరాజ్యానికి ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు గుర్తొచ్చారు. మరో ఉద్యోగం ఈ వయసులో ఎవరిస్తారన్నది గుర్తొచ్చింది. భయం వేసింది, చాలా భయం వేసింది.

"ప్రసవం కొనసాగుతోందా?" అంది అనుపాలిక.

స్వరాజ్యం చూపు బల్ల మీది కత్తెర మీదికి పోయింది. మంచం మీంచి జములమ్మ, పిల్లను రొమ్ముకు సర్దుకుంటూ చెప్పింది.

"కాలేదు. ఇంకా కాలేదు."

గోడ ఆ గొంతును గుర్తుపట్టలేదు. ఇన్నేళ్ళలో అది ఏ తల్లినీ ఏమీ అడిగింది లేదు. స్వరాజ్యం గొంతు సవరించుకుని, అదే మాటను తన గొంతుతో మళ్ళీ చెప్పింది.