సూరీడమ్మ చూసిన సినిమా

చనిపోయిన పెళ్లాం సూరీడమ్మ కళ్లద్దాలు పెట్టుకుని గవర్రాజు 'రేవుపాట' పన్నెండోసారి చూశాడు. పన్నెండోసారీ అదే దగా. పడవ కళాసీ రంగయ్య పాటల రచయితై, తనని మోసం చేసినవాళ్లందర్నీ చితక్కొట్టి, డప్పుల మోతలో ఊరేగాడు.

"దీని దుంపతెగ! ఇది నా సినిమా, దానిది కాదు!" అంటూ అద్దాలు మంచమ్మీదికి గిరాటేశాడు.

మనసుతెర వచ్చాక ఒక సినిమాని ఇద్దరు ఒకలా చూడటం పోయింది. అద్దాలు చూసేవాడి నాడి పట్టి, విసుగొచ్చిన చోట కత్తిరించి, నచ్చిన చోట సాగదీసి, కథనీ పాటనీ అప్పటికప్పుడు మార్చేస్తాయి. మనిషి పోతే, వాళ్ల ఇష్టాయిష్టాలు రాసిపెట్టుకున్న రుచిపటం చెరిపెయ్యాలని చట్టం. సూరీడమ్మది చెరిపేసి ఆరు నెలలైంది.

ఆవిడ రోజూ కందిపప్పు ఏరుతూ తన సినిమాలోని పాట పాడుకునేది.

"రేవు దాటిన పడవకేం తెలుసు,
ఒడ్డున ఆరిన దీపం ఊసు..."

తర్వాతి రెండు పాదాలు గవర్రాజుకి గుర్తు రావు. అన్నం ముద్ద గొంతుకి అడ్డంపడ్డట్టు పాట సగంలో ఆగిపోయి కూచుంది.

ఈ రుచిపటాల లెక్కలు చూసే రుచికేంద్రంలో ఆపరేటరు పుణ్యవతి అతన్ని చూస్తూనే నిట్టూర్చింది.

"మళ్లీ వచ్చారా బాబాయిగారూ?"

"రాక? ఆవిడ అద్దాలు పెడితే ఆవిడ సినిమా రాదేం?"

"అద్దాలెవరివైతేనేం, నాడి మీదేగా." కాస్త జాలిపడి అంది: "ఒక దారుంది. మొదట తీసిన అసలు సినిమా వేస్తాను. మీరు వెతికే పాట అందులో లేదు గానీ, పిన్నిగారు ఎక్కడ నవ్వేవారో, ఎక్కడ ఏడ్చేవారో చెప్పండి. యంత్రం ఆవిడ రుచిని మళ్లీ కడుతుంది. పాట దాని వెనకే వస్తుంది."

"అంతేనా! ముప్పై ఒక్కేళ్లు కాపరం చేశానమ్మా. అడుగు."

పుణ్యవతి అతని మణికట్టుకి యంత్రం తీగ చుట్టింది. తెరమీద రంగయ్య తల్లి చెవికమ్మలు అమ్మి, కొడుక్కి కలమూ కాగితాలూ కొనిచ్చింది.

"ఇక్కడ?"

గవర్రాజు బిక్కమొహం వేశాడు. ఈ ఘట్టం అతనెన్నడూ చూడలేదు. అద్దాలు అతనికి దాన్ని ఏనాడో కత్తిరించేశాయి.

"ఏడ్చే ఉంటుంది."

"'ఉంటుంది' అంటే యంత్రం తీసుకోదండి."

రంగయ్య పాట రేడియోలో ఇంకొకడి పేరుతో వచ్చింది. రంగయ్య పెళ్లాం నీళ్లచెంబు అందిస్తూ పక్కున నవ్వింది.

"ఇక్కడ?"

గవర్రాజు తల గోక్కున్నాడు.

"పక్కనే కూచుని చూసేవారా?"

"ఒకే మంచమ్మీద. దాని భుజం నాకు తగుల్తూనే ఉండేది."

"మరి?"

"ఒకసారి ఆ భుజం వణికింది. నవ్వో, ఏడుపో... నేను ఫైటింగులో ఉన్నాను."

పుణ్యవతి మీట నొక్కింది. ఖాళీగా వదిలిన జవాబులన్నిటినీ యంత్రం తనకి దొరికిన ఒక్క గవర్రాజు నాడితోనే పూడ్చుకుంది. తెరమీద పడవ కదిలింది. పాట సూరీడమ్మ పాటలాగే మొదలై, రెండో పాదం దాటగానే డప్పులందుకుంది.

గవర్రాజు కుడికాలు దానంతటదే తాళం వెయ్యసాగింది. రెండు చేతులతో మోకాలు అదిమి పట్టుకున్నాడు.

"ఆపమ్మా."

"ఆపేశానండి."

డప్పులు ఆగాయి. కాలు ఆగలేదు.